బస్సెక్కి చూసే పొలం, బడి వెనకున్న పొలం

నేను సుగాలి తాండాలో పుట్టినవాణ్ణి. అనంతపురం కరువు నేలలోనే పంతులు పని చేస్తున్నవాణ్ణి. కొన్నేళ్ల కిందట మా ఏడో తరగతి పిల్లలను క్షేత్ర పర్యటనకు తీసుకుపోయాను. కాగితం మీద దాని పేరు క్షేత్ర పర్యటన. పిల్లలు మాత్రం టూరు అంటారు. బెంగళూరు హైవే పక్కన పట్నం పిల్లలకు సేద్యం చూపించే ఒక తోట ఉంది. డబ్బు కట్టగలిగిన పిల్లలు బస్సెక్కినారు. కట్టలేని ఏడుగురు ఆ రోజు తాండాలోనే ఉండిపోయారు.

తోటలో మాతోపాటు పట్నం బడి పిల్లలు కూడా ఉన్నారు. చూపించే అబ్బాయి ఒక శెనిక్కాయ చెట్టు పీకి, పైకెత్తి, 'ఇది వేరుకు కాస్తుంది' అన్నాడు. పట్నం పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ మా పిల్లవాడొకడు మెల్లగా అన్నాడు: 'వేరుకు కాదు సార్. పువ్వు వాడినాంక ఊడ దిగుతుంది. ఊడ కొనకు కాయ పడుతుంది.' చూపించే అబ్బాయి నవ్వి, 'సరే, తరువాత మాట్లాడుకుందాం' అని పక్క మడికి నడిచాడు. పిల్లలకిచ్చిన కాగితంలో ఖాళీ పూరించమని ఒక ప్రశ్న ఉంది: వేరుశెనగ ఏ భాగంలో కాస్తుంది? అందరూ 'వేరు' అని రాశారు. మా పిల్లవాడు కూడా అదే రాశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నోరు తెరవలేదు.

వాడు చెప్పిందే నిజం. వృక్షశాస్త్రం కూడా అదే చెబుతుంది. శెనిక్కాయ పూత నేల మీద పూస్తుంది. పూత వాడినాక దాని అడుగు నుంచి ఊడ పెరిగి నేలలోకి దిగుతుంది. కాయ వేరుకు కాదు, ఆ ఊడ కొనకు వస్తుంది. ఊడ దిగే వేళకు నేలలో పదును లేకపోతే కాయ పడదు. అనంతపురం రైతు ఆ రోజుల్లో ఆకాశం వైపు చూసేది అందుకే. వాడు ఇది పుస్తకంలో చదవలేదు. వాళ్లమ్మతో కలుపుకు పోయి నేర్చుకున్నాడు. తెలిసినవాడు తెలియనివాళ్లు చెప్పింది రాసి మార్కు తెచ్చుకున్నాడు. ఆ పర్యటనలో మేము నేర్పిన పాఠం అదే.

తోటలో ఇంకో మాట కూడా చూశాను. ఆ మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు దగ్గర్లోని తాండా వాళ్లే. మా పిల్లలు వాళ్లతో గోర్ బోలిలో పలకరింపులు ఆడారు. పట్నం పిల్లలకు ఆవు పేరు చెప్పారు, దూడ పేరు చెప్పారు, ట్రాక్టరు కంపెనీ పేరు చెప్పారు. ఆ ఆడవాళ్లు ఎవరో ఒక్కరూ చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ తోట మీద కోపంతో రాస్తున్నది కాదు. వేరు అని రాస్తుంటే చూస్తూ ఊరకుండిన పంతుల్లో నేనూ ఒకణ్ణి. పిల్లలను బయటికి తీసుకుపోయే ఈ పద్ధతి మన పిల్లలకు ఏం నేర్పుతున్నదో, ఏం మరిపిస్తున్నదో విచారించడానికి రాస్తున్నాను.

అడవి అంటే ఏది?

పాఠ్యపుస్తకాల్లో అడవి బొమ్మ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఎత్తైన చెట్లు, వేలాడే తీగలు, కింద తడి నేల. డబ్బున్న బడులు పిల్లలను పడమటి కనుమల దాకా తీసుకుపోతాయి. కర్ణాటకలో ఆగుంబె ఉంది. పాముల మీద జీవితకాలం పనిచేసిన రోములస్ విటేకర్ 2005లో అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టారు. రాచనాగుల మీద అక్కడ మంచి పరిశోధన జరిగింది. పిల్లలు చూడదగ్గ చోటే. అయితే ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలే పిండుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి మన దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. అక్కడి వానా, ఇక్కడి కరువూ ఒకే కొండల వరసకు రెండు పక్కలు. ఈ మాట చెబితే ఆగుంబె పర్యటన అనంతపురం పాఠం కూడా అవుతుంది. చెప్పకపోతే పిల్లవాడి మనసులో ఒకటే మిగులుతుంది: అడవి అంటే అది, మనకున్నది అడవి కాదు.

ఇంటికి వచ్చి తాండా వెనక కొండ చూస్తాడు. తుమ్మ, బులుసు, రేగు, తంగేడు, కానుగ, ఈత. బోద గడ్డి. ఎండాకాలంలో అంతా ఎండిపోయి బూడిద రంగులో ఉంటుంది. వాడికి అది ఏమీ లేని చోటులా కనిపిస్తుంది. సర్కారు రికార్డులోనూ అలాగే కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారు చేసే బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల కూడా బంజరులో ఒక తరగతి. మేకలు మేసే చోటు, ఈతాకు కోసుకునే చోటు, కలేకాయలు ఏరుకునే చోటు, తోడేలు పిల్లలు పెట్టే చోటు అన్నీ ఆ లెక్కలో బంజరే. మన కులం పేరు బంజారా, మన నేల పేరు బంజరు. ఈ రెంటిలో దేనికీ విలువ లేదని పిల్లవాడు నమ్మేదాకా మనం ఊరకుంటున్నాం.

ఇది మాటల్లో తేడా మాత్రమే అయితే ఇంత రాయనక్కర లేదు. ఖాళీ అని పేరు పడిన నేల ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. మన కొండల మీద గాలిమరలు వచ్చాయి. ఎన్.పి.కుంట దగ్గర వేల ఎకరాల్లో సోలారు పలకలు పరిచారు. కరెంటు అందరికీ కావాలి, కాదనడం లేదు. కానీ 'ఇక్కడ ఏముంది, రాళ్లు తప్ప?' అని అడిగినప్పుడు ఏముందో పేర్లతో సహా చెప్పగలిగినవాడు ఊళ్లో ఉండాలి. పర్యటనలు చేసి చేసి మన పిల్లలు ఆగుంబె కప్పల పేర్లు నేర్చుకుని, తమ కొండ మీది చెట్ల పేర్లు మరిచిపోతే, ఆ రోజు జవాబు చెప్పేవాడెవడు?

కల్పవల్లి చెప్పే కథ

మన దగ్గరే ఒక మంచి చోటుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడు కొని అక్కడే కాపురం పెట్టారు. తరువాత ముష్టికోవెల మొదలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి బోడికొండలను కాపాడటం మొదలుపెట్టారు. దాన్నే ఇప్పుడు కల్పవల్లి అంటున్నాం. సుమారు 9,000 ఎకరాలు. అక్కడ చేసినదాంట్లో మొక్కలు నాటడం కంటే కావలి కాయడమే ఎక్కువ. నిప్పు అంటుకోకుండా గడ్డి చెక్కి బాటలు తీశారు, చెట్లు నరకకుండా కాపలా పెట్టుకున్నారు. నేలలో బతికున్న మొదళ్లే చిగురు పెట్టాయి. గడ్డి తిరిగి వచ్చింది. ఈతచెట్లు లేచాయి. జింకలు, తోడేళ్లు వచ్చాయి. వాగుల్లో నీళ్లు నిలిచాయి.

బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయే పంతుళ్లు ఇప్పుడు ఉన్నారు. మంచిదే. అయితే అక్కడా రెండు రకాలుగా చూడవచ్చు. ఒకటి: 'చూడండి పిల్లలూ, ఎంత పచ్చగా ఉందో' అని చెప్పి, పులిహోర తిని, ఫోటో దిగి రావడం. రెండోది ప్రశ్నలు అడగడం. ఈ కొండ ఎందుకు బోడి అయింది? బొగ్గు కాల్చిందెవరు, కట్టెలు అమ్ముకున్నదెవరు, ఏ కరువులో? కావలి కాయాలని ఊరు ఒప్పుకున్నప్పుడు మేకలున్నవాళ్లు ఏమన్నారు? బోద గడ్డి ఎవరు కోసుకోవాలి, ఎంత, ఎప్పుడు? ఇంత పెరిగిన కొండ మీదికి గాలిమరల రోడ్లు ఎలా వచ్చాయి? రికార్డులో అది అడవి కాదు, బంజరే. ముప్పై ఏళ్ల కావలి ఆ కాగితాన్ని మార్చలేకపోయింది. ఈ గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఏడో తరగతి పిల్లవాడికి ఇది అర్థమవుతుందా అని అడిగే పంతుళ్లున్నారు. తాండా పిల్లవాడు పట్టా గొడవల మధ్యనే పెరుగుతాడు. వాడికి మనకంటే ముందే అర్థమవుతుంది.

ఇక్కడ మన తప్పు కూడా మనం ఒప్పుకోవాలి. గిరిజనుడు పుట్టుకతోనే అడవిని కాపాడతాడని సభల్లో చెప్పుకుంటాం. కరువు సంవత్సరాల్లో కొండ నరికి బెంగళూరు బట్టీలకు కట్టె పంపిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. ఆకలి ఆ పని చేయించింది. ఆ ఆకలిని దాచి, పాత జ్ఞానం అని పొగుడుకుంటే పిల్లలకు సగం నిజమే అందుతుంది. ఎందుకు నరికామో, ఎలా తిరిగి పెంచామో రెండూ చెప్పాలి.

మన పెద్దల బడి

మన తాతముత్తాతలు క్షేత్ర పర్యటన అనే మాట వినలేదు. అయినా వాళ్ల బతుకే నడక. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి మెట్ట సీమకు, మెట్ట సీమ నుంచి తీరానికి నడిచారు. దాన్నే మనం లదేణి అంటాం. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ గడ్డి ఎద్దుకు బలమో, ఏ కొండ కనుమలో దారి ఉందో తెలియకుండా ఆ వ్యాపారం సాగదు. రైలు, రోడ్డు వచ్చాక ఆ బతుకు పోయింది. దారులు తెలిసినవాళ్లను, తిరిగేవాళ్లను తెల్లదొరలు అనుమానించారు. 1871 నేరస్థ జాతుల చట్టం తరువాత మద్రాసు రాజధానికీ వచ్చింది. స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్లను కట్టడిలో పెట్టిన చరిత్ర మనకు తెలిసిందే. స్వరాజ్యం వచ్చి అయిదేళ్లకు, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఒకప్పుడు మనవాళ్లు నడిస్తే నేరం. ఇప్పుడు బడి పిల్లలు నడిస్తే చదువు. నడిచినవాళ్ల జ్ఞానానికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ మార్కుల్లేవు.

మన పండుగల్లోనే పాఠం ఉంది. తీజ్ నాడు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మన్నూ ఎరువూ వేసి గోధుమలు నాటుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలక పెంచుతారు. విత్తనం మొలకెత్తడం గురించి సైన్సు పాఠంలో ఉన్నదంతా ఆ బుట్టలో ఉంది. వెలుతురు తక్కువైతే మొలక పాలిపోతుంది, నీళ్లెక్కువైతే కుళ్లుతుంది. ఇవి మన ఆడపిల్లలకు తెలుసు. సైన్సు పంతులు ఆ తొమ్మిది రోజులూ తాండాకు వచ్చి, రోజూ మొలక ఎత్తు కొలిపించి, గ్రాఫు గీయిస్తే బస్సు కిరాయి లేని క్షేత్ర పర్యటన అవుతుంది. అలాగే ఎరుకల ఇంట్లో ఈతబరిగె ఏ నెలలో కోస్తే బుట్టకు వంగుతుందో, ఎప్పుడు కోస్తే విరుగుతుందో అడిగితే, చెట్టు శరీరం గురించి ఒక పాఠం దొరుకుతుంది. ఆ ఇంటి పిల్లవాడు ఆ రోజు తరగతిలో తల ఎత్తుకుని కూర్చుంటాడు.

ప్రభుత్వ కాగితం, బడి ఆచరణ

ఇవన్నీ చేయడానికి పై నుంచి అనుమతి లేదని కొందరు పంతుళ్లు అంటారు. ఉంది. పర్యావరణ విద్య అన్ని తరగతుల్లో ఉండాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు ఉండాలంది. ఆ రోజుల్లో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని రాసింది. అంటే పనివాళ్లను గురువులుగా విధానమే ఒప్పుకుంది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలైంది. అందులో మన బోలి ఒకటి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం పల్లె బడులకు తయారు చేసిన పాఠాల కార్డులు దేశమంతా పోయాయి. ఊరి కథలు, ఊరి పనులు పాఠం కాగలవని రాయలసీమ నేల మీదే రుజువైంది.

ఇన్ని ఉన్నా ఆచరణలో సంచి లేని రోజు ఆటల రోజుగా, పర్యటన రోజు ఫోటోల రోజుగా మారుతున్నది. పై ఆఫీసుకు పంపేది ఫోటో. పిల్లవాడు అడిగిన ప్రశ్నను ఎవరూ పంపమనరు. అందుకే ప్రశ్నకు చోటు లేకుండా పోయింది.

ఇంకో చట్టం సంగతి పంతుళ్లకు, చదువుకున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు గుర్తు చేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో, హక్కుకు సాక్ష్యంగా ఊరి పెద్దలు చెప్పిన మాట రాతలో పెట్టి ఇవ్వవచ్చని ఉంది. హక్కు కోరేవాళ్లు కాని పెద్దలు చెప్పాలి. ఎక్కడ మేపుకున్నాం, ఎక్కడ నీళ్లు తాగించాం, ఏ కొండన ఏం ఏరుకున్నాం అనే మాటలకు చట్టంలో విలువుంది. చట్టం ఒప్పుకున్న సాక్షిని బడి ఒప్పుకోవడం లేదు. మన పిల్లలు అవ్వా తాతల మాట నోటు పుస్తకంలో రాసుకుంటే అది పరీక్షకే కాదు, రేపు గ్రామసభకు కూడా పనికి రావచ్చు. ఆ తరం వెళ్లిపోతున్నది. మధ్య తరం బెంగళూరులో, కేరళలో వలస కూలీలో ఉన్నది. తాండాలో మిగిలింది ముసలివాళ్లూ బడిపిల్లలే. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి కాలం రాదు.

పంతుళ్లు చేయగలిగినవి

నేను ఇప్పుడు చేస్తున్నవి, చేసి చూడదగ్గవి చెబుతాను. ఇవి పెద్ద పనులు కావు.

మొదటి పర్యటన బడి నుంచి నడిచి పోగలిగినంత దూరంలోనే ఉండాలి. డబ్బు లేక ఏ పిల్లవాడూ ఆగిపోకూడదు. తాండా కొండ, చెరువు కట్ట, కళ్లం, మేకల దొడ్డి చూశాకనే బస్సు.

చూపించేవాళ్లు ఆ ఊరివాళ్లే కావాలి. మేకలు కాసే అవ్వను పిలిస్తే ఆమె ఒక పూట కూలి పోగొట్టుకుంటుంది. బస్సు కిరాయికి డబ్బు పోగు చేసినట్టే ఆమె కూలికి కూడా పోగు చేయాలి. దండ వేసి చప్పట్లు కొట్టి పంపితే సరిపోదు.

ఒక్కో పిల్లవాడి నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయించాలి: పెద్దలు ఏమన్నారు, పుస్తకం ఏమంది, నేను కళ్లతో ఏం చూశాను. మూడూ కలిస్తే సంతోషం. కలవకపోతే అక్కడే అసలు పాఠం ఉంది. పెద్దల మాట తప్పు కావచ్చు, పుస్తకం తప్పు కావచ్చు. చెట్టు పీకి చూస్తే తేలుతుంది. చెట్ల పేర్లు తెలుగులో, గోర్ బోలిలో, ఎరుకల భాషలో పక్కపక్కనే రాయించాలి.

వాన కొలవాలి. పక్కలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి బడి ముంగిట పెట్టి, వాన పడిన మరునాడు స్కేలుతో కొలిస్తే చాలు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. ఆ లెక్కన మన 550 మిల్లీమీటర్లు ఒక ఎకరం మీద ఏడాదికి దాదాపు 22 లక్షల లీటర్లు. ఈ అంకె చూసి పిల్లలు నమ్మరు. ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయి అని అడుగుతారు. ఆ ప్రశ్న పట్టుకుని చెరువు కట్ట మీదికి నడవండి. పెద్దలు 'పదునైన వాన' అన్న రోజు డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు ఉందో రాయించండి. ఎర్రనేలకూ నల్లనేలకూ పదును ఒకటి కాదని పిల్లలే కనిపెడతారు.

ఆ తరువాతే దూరం పోవాలి. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం శెనిక్కాయ రకాలకు పేరు మోసింది. అక్కడి శాస్త్రవేత్తను అడిగిన ప్రశ్ననే తాండా రైతును కూడా అడగాలి. గుత్తి దగ్గర సేవాగఢ్‌కు పోతే మొక్కులతోపాటు పాత ఎద్దుల దారుల గురించి అడగాలి. కల్పవల్లికి పోతే కావలివాళ్లతో ఒక పూట నడవాలి. ఆగుంబెకు కూడా పోనీండి. మన పిల్లలకు వర్షారణ్యం ఎందుకు వద్దు? సొంత కొండ పేర్లు చెప్పగలిగిన పిల్లవాడు అక్కడ నిలబడి, 'మా దగ్గర వాన ఇంతే, అయినా మా చెట్లు ఇలా బతుకుతాయి' అని చెప్పి వస్తాడు. చేతులు కట్టుకుని ఊరికే చూసి రాడు.

ఆ పర్యటన అయిన మరుసటి ఏడాది, ఊడలు దిగే రోజుల్లో, అదే పిల్లవాణ్ణి ముందు పెట్టుకుని తరగతి మొత్తాన్ని బడి వెనక చేనుకు తీసుకుపోయాను. టూరుకు రాలేకపోయిన ఏడుగురిలో ఆ రోజు బడికొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చేను ఒక పిల్ల వాళ్ల నాయనదే. వాడు ఒక చెట్టు పీకి, మన్ను దులిపి, పువ్వు ఎక్కడ, ఊడ ఎక్కడ, కాయ ఎక్కడ అని వేలు పెట్టి చూపించాడు. పాత కాగితం నా దగ్గరే ఉంది. 'వేరు' అన్న మాట మీద గీత కొట్టి, పక్కన 'ఊడ' అని వాడి చేతే రాయించి, మార్కు వేశాను. ఆ మార్కు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఎక్కే రోజు రావాలంటే ఈ పుస్తకం చదివే పంతుళ్లు, పంతుళ్లు కాబోయే మన పిల్లలు పట్టుబట్టాలి.